పలకకు ముందు పలుకు

అంగన్‌వాడీలో చేరిన నాలుగేళ్ల పిల్లల చేత పలక నిండా ‘అ’ దిద్దించి, చదువు మొదలైందని సంతోషిస్తున్నాం. చేయి నొప్పి పుట్టేలా రాయించడం చదవడం నేర్పినట్టు కాదు. అక్షరం కంటికి కనబడే ముందు దాని శబ్దం చెవికి అలవాటు కావాలి. ‘పడవ’ అంటూ మూడు చప్పట్లు కొట్టించాలి. ‘మ’తో మొదలయ్యేవి చెప్పమంటే మామిడి, మజ్జిగ, మల్లె అని పిల్లలే పోటీపడతారు. రోజూ పది నిమిషాల ఆట చాలు.

అక్షరాలను వర్ణమాల వరుసలోనే నేర్పాలన్న పట్టుదల కూడా వదులుకోవాలి. ఏ మాటలోనూ ఎదురుపడని ‘ఌ’ కోసం పసివాళ్లను ఆపడం అన్యాయం. త, ల, వ, ప, డ వస్తే చాలు. తల, వల, పడవ చదివేస్తారు. తానే ఒక మాట చదివానన్న ఆనందం ఆ బిడ్డను మరో మాట దగ్గరికి నడిపిస్తుంది. గుణింతాలు, ఒత్తులు తర్వాత నెమ్మదిగా వస్తాయి.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. అందుకు 2026–27ను గడువుగా పెట్టుకున్నారు. దానికి పునాది పడాల్సింది అంగన్‌వాడీలోనే. పోషకాహారం, రికార్డుల పనితో సతమతమయ్యే కార్యకర్తకు బోధనకు తీరిక ఇవ్వాలి. ప్రతి కేంద్రానికీ పిల్లల చేతికి అందేలా తెలుగు బొమ్మల కథల పుస్తకాలు పంపాలి, అవి చిరుగుతాయన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేయకూడదు.