‘గ్రీన్’ అని ముద్ర వేసింది ఎవరు?

సిమెంటు బస్తా మీద ఆకు బొమ్మ, రంగు డబ్బా మీద ‘ఎకో’, ఇటుకల లారీ మీద ‘గ్రీన్ బ్రిక్స్’. ఇల్లు కట్టేవారికి ఈ మాటలు రోజూ కనిపిస్తున్నవే. వీటికి లెక్క చెప్పమంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరు 15న మార్గదర్శకాలు జారీ చేసింది. ‘పర్యావరణ హితం’ అని ఊరికే రాస్తే చాలదు. ఏ విషయంలో హితమో చెప్పాలి. దాని ఆధారాన్ని క్యూఆర్ కోడ్ ద్వారానో వెబ్ లింకు ద్వారానో కొనేవారికి అందుబాటులో ఉంచాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. మళ్లీ చేస్తే అది 50 లక్షల దాకా వెళ్తుంది.

బాగానే ఉంది. కానీ ఆధారం ఎవరు ఇచ్చింది? చిక్కంతా అక్కడే.

ఆధార పత్రాలు మూడు రకాలు. మొదటిది తయారీదారు తనకు తానే రాసుకున్నది. రెండోది బయటి సంస్థ ఫ్యాక్టరీనీ సరుకునూ పరిశీలించి ఇచ్చే ముద్ర. హైదరాబాద్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇచ్చే ‘గ్రీన్‌ప్రో’ అలాంటిది. మూడోది ఈపీడీ. ముడిసరుకు తవ్వకం మొదలుకొని ఎంత కరెంటు, ఎంత నీరు, ఎంత కార్బన్ అన్న అంకెలు అందులో ఉంటాయి. వాటిని స్వతంత్ర పరిశీలకుడు సరిచూస్తాడు. బిస్కెట్ ప్యాకెట్ వెనక పోషకాల పట్టిక ఉన్నంత మాత్రాన బిస్కెట్ ఒంటికి మంచిదని కాదు కదా! ఈపీడీ కూడా అంతే. ఉన్నది చెబుతుంది, సరుకు మంచిదని తీర్పు చెప్పదు.

ఫ్లైయాష్ ఇటుకనే తీసుకుందాం. దాన్ని బట్టీలో కాల్చరు, పంటభూమి మట్టి తవ్వరు. అంతవరకు నిజం. కానీ సిమెంటు కలిపి చేసిన ఇటుకను ‘జీరో కార్బన్’ అంటే నమ్మకూడదు. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు, ఇంధనం పొగ కాక, రాయిలోంచే బొగ్గుపులుసు వాయువు బయటకు వస్తుంది. సగం నిజం పక్కన సగం అబద్ధం అతికించడం ఈ వ్యాపారంలో అలవాటైపోయింది.

ఇది మనవాళ్లకు దగ్గరి విషయం. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాల్లో బూడిదతో చేసిన సరుకే వాడాలని, ధర మామూలు సరుకును మించకపోతేనే ఆ షరతు వర్తిస్తుందని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. రాయచూరు, బళ్లారి, మేట్టూరు, చంద్రపూర్, తాల్చేరు, యానాంకు దగ్గరైతే సింహాద్రి. మనం స్థిరపడ్డ ఊళ్లలో చాలావరకు ఏదో ఒక కేంద్రం పరిధిలోకే వస్తాయి. పైగా మన సంఘాలు భవనాలు, కల్యాణ మండపాలు కట్టేది చందాల డబ్బుతో. ‘గ్రీన్’ పేరుతో రూపాయి ఎక్కువ ఇస్తే సర్వసభ్య సమావేశంలో జవాబు చెప్పాల్సింది కమిటీయే.

ఉద్యోగమంతా ఫైళ్లు తిరగేసినవాడిగా నేను సర్టిఫికెట్‌లో ముందు చూసేది లోగో కాదు, గడువు తేదీ. తర్వాత సరుకు పేరు, ఫ్యాక్టరీ చిరునామా. ఒక ఫ్యాక్టరీకి ఇచ్చిన కాగితాన్ని కంపెనీ సరుకులన్నింటికీ చూపించేస్తారు. ‘లీడ్ సర్టిఫైడ్ టైల్స్’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. లీడ్ రేటింగ్ భవనాలకే గాని సరుకుకు ఉండదు. చివరగా, ముద్ర వేసిన సంస్థకు ఎన్‌ఏబీసీబీ గుర్తింపు ఉందా, పరీక్ష చేసిన ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడగాలి. తనిఖీ ఫీజు కట్టేది తయారీదారే కాబట్టి, తనిఖీదారుడి మీద కూడా మరొకరి కన్ను ఉండాలి.

ఈ ఫీజుల దగ్గరే నాకు ఒక అభ్యంతరం ఉంది. పెద్ద కంపెనీకి అది ప్రచార ఖర్చులో ఒక పద్దు. నలుగురు కూలీలతో నడిచే ఇటుకల యూనిట్‌కు మోయలేని బరువు. ముద్ర లేదన్న ఒక్క కారణంతో అతని సరుకును తోసేస్తే నిజంగా మంచి ఇటుక చేసేవాడే నష్టపోతాడు. అలాంటి చోట బీఐఎస్ ప్రమాణం ప్రకారం గట్టిదనం, నీటి పీల్పు పరీక్షల రిపోర్టు, బూడిద ఏ కేంద్రం నుంచి తెచ్చాడో చూపే బిల్లు అడిగితే సరిపోతుంది. అవి పర్యావరణ సర్టిఫికెట్లు కావు. అయినా ఆకు బొమ్మ కంటే నమ్మదగినవే.

మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బళ్లారిలో ఉన్నా బరంపురంలో ఉన్నా అక్కడ తెలుగులో మాట్లాడే వీలుంది. బిల్లు, బస్తా మీది ముద్రణ ఫొటో దగ్గర పెట్టుకుని చేయండి.