హాలు ఎవరిది?

పిల్లలకి ఆటగది అనగానే మన ఆడవాళ్ళలో రెండే మాటలు వినిపిస్తాయి. "మా ఇంట్లో అంత చోటెక్కడిది?" అని ఒకటి, "అంత డబ్బెక్కడిది?" అని ఇంకొకటి. రెండూ సాకులే అంటాను నేను. కోపం వస్తే రానివ్వండి, చివరిదాకా చదివి తిట్టండి.

ముందు చోటు సంగతి. రెండు పడకగదుల ఇంట్లో అన్నిటికన్నా పెద్దది హాలు. అందులో ఏముంటాయి? సోఫా సెట్టు, మధ్యలో అద్దం టీపాయ్, గోడకి టీవీ, తాళం వేసిన షోకేసు. షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు. లక్కపిడతలు ఎవరి కోసం చేస్తారమ్మా? అంకుడు కర్రని నున్నగా చెక్కి లక్కరంగు పూసేది చిన్న చేతుల్లో తిరగడానికే కదా! వాటిని అద్దం వెనక పెట్టి, పిల్లలకేమో "ముట్టుకోకు" అని చెబుతాం. నెలకి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం హాలంతా ఎదురుచూస్తూ ఉంటుంది. రోజూ ఇంట్లోనే ఉండే పిల్లకి మంచం మీద ఓ మూల. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

పోనీ బయట ఆడుకోమందామా? సెల్లారు కార్లకి, సందు బైకులకి పోయింది. డాబా మీదకి వెళ్దామంటే తాళం. ఇక మిగిలింది ఫోను. ఫోను చేతికిస్తే పిల్లాడు కదలడు, హాలు చెదరదు. మన హాలు అంత నీటుగా ఉండడానికి కారణం ఆ ఫోనే. మళ్ళీ "మా వాడు ఫోను వదలడండీ" అని వాపోయేదీ మనమే.

బియ్యేలో తెలుగు చదివినదాన్ని కనక ఒక మాట చెప్పనివ్వండి. పిల్లల ఉత్తుత్తి వంటకి మన భాషలో గుజ్జనగూళ్ళు అనే పేరుంది. ఇసకలో కట్టే గూటికి పిచ్చికగూడు అనే పేరుంది. ఆటకి చోటున్న ఇళ్ళలో పుట్టిన మాటలవి. ఇప్పుడు ఆ మాటలు నిఘంటువులోకి, లక్కపిడతలు షోకేసులోకి పోయాయి.

ఇక డబ్బు. వీడియోల్లో చూపించే ఆటగదులు చూసి మనకి దిగులు. గోడంతా కార్టూన్ కాగితం, ప్లాస్టిక్ జారుడుబండ, తొట్టి నిండా రంగుబంతులు. మాంటిస్సోరి పేరు వింటే ఇప్పుడు ఫీజే గుర్తొస్తుంది. కానీ 1907లో మరియా మాంటిస్సోరి మొదటి బడి తెరిచింది రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదపేటలో, పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం. వస్తువులు పిల్లలకి అందే ఎత్తులో ఉండాలి, వాళ్ళే తీసుకుని వాళ్ళే పెట్టాలి అన్నది ఆవిడ పద్ధతి. దానికి వేలు ఖర్చు పెట్టాలా?

మా లెక్క చెబుతాను. ప్లాస్టిక్ చాప 350 రూపాయలు. మాది అద్దె ఇల్లు, గోడకి రంగేస్తే ఓనరు ఊరుకోడు. అందుకే వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్క అడిగి తెచ్చుకుని నల్లరంగు వేశాం, బ్రష్‌తో కలిపి 300. సుద్దముక్కలు 50. మొత్తం 700. పాత చెప్పుల స్టాండు కడిగి, మీద పడకుండా గోడకి బిగించాం. అందులో గవ్వలు, చింతపిక్కలు, అష్టాచెమ్మా గీసిన అట్ట, పాత చీరలు, స్టీలు డబ్బాలు. వామనగుంటలకి దీపావళి ప్రమిదలు పద్నాలుగు. మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం గవ్వలూ పిక్కలూ అందనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. ఫ్యాక్టరీ బొమ్మ కొంటే ఐఎస్‌ఐ ముద్ర చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

"వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంటారా? అనుకోనివ్వండి. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోతారు.

"మరి సర్దేదెవరు, నేనేగా?" అంటారు చూడండి, అదొక్కటే న్యాయమైన ప్రశ్న. ఖర్చంతా తల్లి నడుము మీద పడితే అది చవకైన ఆటగది ఎలా అవుతుంది? కాబట్టి దీపాలవేళకి తీసినవాళ్ళే లోపల పెట్టాలి. ఆఫీసు నుంచి వచ్చిన నాన్నగారు కూడా చాప మీద కూచుని ఓ చెయ్యి వెయ్యాలి. అత్తగారు గొణిగితే గవ్వలు ఆవిడ చేతికే ఇవ్వండి, పందెం వెయ్యడం మనకన్నా ఆవిడకే బాగా వచ్చు.

ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. ఆ అద్దం టీపాయ్‌ని ఎవరికైనా ఇచ్చేసి, అది ఉన్నచోట చాప పరవండి. షోకేసు తాళం తియ్యండి. అంతకంటే చవకగా ఆటగది ఎవరూ అమరుస్తారని నేననుకోను.