అసెంబ్లీకీ మస్టర్ ఉండాలి



గోదావరిఖనిలో బాయి దిగే కార్మికుడు నాగా పెడితే ఆ రోజు జీతం పోతుంది. నాగాలు మితిమీరితే నౌకరీకే ముప్పు. మరి 119 మంది ఎమ్మెల్యేల మస్టర్ ఎవరు చూస్తున్నారు? 2016లో వాళ్ల జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలయ్యాయి. తన్‌ఖా పన్నెండు నెలలది. సభ మాత్రం బడ్జెట్‌కు కొన్ని రోజులు, మళ్లీ గడువు ముంచుకొచ్చినప్పుడు కొన్ని రోజులు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటొద్దని రాజ్యాంగం 174వ అధికరణ చెప్పింది. అది ఆఖరి హద్దు. మన హుకూమత్‌లు దాన్నే దస్తూర్ చేసుకున్నాయి.

2017 ఏప్రిల్ 16 యాదికుందా? ఆదివారం నాడు ప్రత్యేక సమావేశం. ముస్లింలకు 4 నుంచి 12 శాతం, గిరిజనులకు 6 నుంచి 10 శాతం. ఒక్క రోజులో బిల్లు పాస్. మనం ముబారక్‌బాద్‌లు చెప్పుకున్నాం. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటాయి గనుక ఢిల్లీ మంజూరీ లేనిదే అడుగు పడదని అందరికీ తెలుసు. బిల్లు ఢిల్లీకి పోయింది, పన్నెండు శాతం రాలేదు. ఢిల్లీ కుసూర్ లేదని నేననను. లేకిన్ నెలనెలా సభ కూర్చుంటే, నెలనెలా ఎవరో ఒకరు లేచి "ఆ ఫైలు ఎక్కడుంది జనాబ్?" అని అడిగే మౌకా ఉండేది. ప్రెస్‌మీట్‌లో మంత్రి ఇష్టముంటే జవాబిస్తాడు. సభలో ఇచ్చిన జవాబు రికార్డులో ఉంటుంది, రేపు పట్టుకోవచ్చు.

ఉర్దూ మీడియం టీచర్ పోస్టుల సంగతి చూడండి. రోస్టర్‌లో ఇతర వర్గాలకు పోయిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు. కుర్చీ ఖాళీ, పిల్లల చదువు బర్బాద్. ఇది జిందాబాద్‌లతో తేలే మసలా కాదు. కూర్చొని, రూల్ చదివి, తిరగరాయాల్సిన పని. దానికి వక్త్ కావాలి. కేరళలో బిల్లులు సబ్జెక్ట్ కమిటీలకు వెళ్తాయి. మన దగ్గర పొద్దున బిల్లు, సాయంత్రానికి బల్లల చప్పుడు.

"ఎమ్మెల్యే హైదరాబాద్‌లోనే ఉంటే నియోజకవర్గం గతేంటి?" అంటారు. మోరీకి కౌన్సిలరున్నాడు, బల్బుకు సర్పంచున్నాడు. చట్టం చేసే జిమ్మేదారీ మాత్రం ఎమ్మెల్యేదే. నెలకు పది రోజులు సభ, మిగతా ఇరవై రోజులు ఊళ్లో, షాదీలకూ దావత్‌లకూ సరిపోవా? 70 మందీ అంతకు మించీ సభ్యులున్న సభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది. కర్ణాటక 2005లో 60 రోజులని చట్టం చేసి కూడా తప్పించుకుంటోంది. కాబట్టి ఉత్త చట్టం చాలదు. ఏడాది క్యాలెండర్ జనవరిలోనే ప్రకటించాలి. సభ కూర్చోని రోజుకు అలవెన్స్ కట్ చేయాలి.

ఖుర్‌ఆన్‌లో 42వ సూరా పేరే అష్-షూరా, అంటే సంప్రదింపు. మాష్వరా విలువ మనకు ఒకరు నేర్పక్కర్లేదు. ఓటు అమానత్. అమానత్ ఇచ్చినవాడికి హిసాబ్ అడిగే హక్కుంది.

పెద్దపల్లి వాళ్లకైతే దూరం పోనక్కర్లేదు. శాసనసభా వ్యవహారాల మంత్రి శ్రీధర్‌బాబు మన మంథని ఎమ్మెల్యే. ఆయన తండ్రి శ్రీపాదరావు 1991 నుంచి 1995 దాకా ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ స్పీకర్. సభ విలువ తెలిసిన ఇల్లు అది. ఈసారి ఆయన మన గల్లీకొస్తే షాదీఖానా, ఖబ్రస్తాన్ గోడ తర్వాత అడుగుదాం. ముందు ఇది అడగండి: ఈ ఏడాది సభ ఎన్ని రోజులు కూర్చుంది జనాబ్?