ఇంటర్ మొదటి సంవత్సరం: ఎవరూ లెక్కించని ఏడాది

ఏటా ప్రవేశాల రోజులలో మా కళాశాల కార్యాలయం ముందు ఒకే దృశ్యం కనిపిస్తుంది. కుర్రవానిని ఏ గ్రూపు కావాలని అడిగితే తండ్రి వైపు చూస్తాడు. తండ్రి వెంట వచ్చిన బంధువు వైపు చూస్తాడు. ఆ బంధువు ఎరిగినవాడెవడో ఎం.పి.సి. చదివి గల్ఫ్‌లో స్థిరపడి ఉంటాడు. దానితో వ్యవహారం తేలిపోతుంది. ఒక పెళ్లి సంబంధానికి పది ఇళ్లు తిరిగి ఆరా తీసే మన పెద్దలు, బిడ్డ భవిష్యత్తును పది నిమిషాలలో ముగించి స్కూటరెక్కడం నాకు నేటికీ ఆశ్చర్యమే.

అంతకన్న విచారకరమైనది ఆ తరువాతి ఏడాది. ‘పదవ తరగతి గట్టెక్కాడు, ఈ సంవత్సరం కాస్త ఊపిరి పీల్చుకోనీ, వచ్చే ఏడు చూద్దాం’ అనే మాట ప్రతి ఇంటిలోనూ వినిపిస్తుంది. 1969-70లో పి.యు.సి. స్థానంలో ఇంటర్మీడియట్‌ను రెండేళ్ల చదువుగా రూపొందించారు. 1978-79 నుండి మొదటి ఏటి చివర కూడా పబ్లిక్ పరీక్ష పెట్టారు. అనగా మొదటి ఏడాదికి దాని లెక్క దానికి ఉన్నది. 2025 మార్చి పరీక్షలలో ఎం.పి.సి. విద్యార్థికి మొత్తం వెయ్యి మార్కులలో 470 మొదటి సంవత్సరానివే. దాదాపు సగం పంటను వదలుకొని మిగతా సగంతో గాదె నింపుదామనుకొనే రైతును మనం తెలివైనవాడనము గదా!

ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు గల 25 శాతం వెయిటేజీని 2023లో మన రాష్ట్రం తొలగించింది. అది మొదలు మొదటి ఏటి మార్కులతో పనేమున్నదన్న వాదం బలపడింది. ఈ వాదం చేసేవారు రెండు సంగతులు మరచిపోతున్నారు. ప్రవేశ పరీక్షలో వచ్చే ప్రశ్నలలో ఇంచుమించు సగం మొదటి ఏటి పాఠాలలోనివే. ఇక డిగ్రీలో చేరేవారి విషయం. 2016 నుండి ‘దోస్త్’ ద్వారా జరిగే ప్రవేశాలలో సీటును నిర్ణయించేది ఇంటర్ మార్కులే. మన పిల్లలలో ఎక్కువమంది వెళ్లేది ఆ దారినే.

ఈ విషయమై మాట్లాడే అర్హత నాకున్నది; నేనే ఆ గోతిలో పడి లేచినవాణ్ణి. మా అమ్మకు నన్ను డాక్టరుగా చూడాలని కోరిక. బై.పి.సి.లో చేరాను. వానపాము జీర్ణవ్యవస్థ కన్నా దాన్ని వర్ణించిన తెలుగు వాక్యాలే నాకు బాగా గుర్తుండేవి. ఆ సంగతి మొదటి ఏటి అర్ధ సంవత్సర పరీక్షలకే నాకు తెలుసు. ఇంటిలో చెప్పే ధైర్యం లేకపోయింది. కళాశాలలో అడిగినవారు లేరు. ఇంటర్ అయ్యాక ప్రవేశ పరీక్షకని మరొక ఏడాది ధారపోసి, అప్పుడుగాని బి.ఎ. గడప తొక్కలేదు. తెలుగు ఎం.ఎ. చేసి పాఠాలు చెప్పుకుంటున్నాను గనుక కథ సుఖాంతమే. కాని ఆ ఏడాది రుసుముకు అబ్బా చేసిన అప్పు తీరడానికి ఎంతకాలం పట్టిందో నాకు తెలుసు.

మన విద్యార్థులకు మరొక చిక్కు ఉన్నది. వినడానికి చిన్నది, తగిలితే పెద్దది. పదవ తరగతి మెమోలో పేరు ముందు ‘ఎం.డి.’ అని ఉంటుంది. ఆధార్ కార్డులో ‘మొహమ్మద్’. బ్యాంకు పుస్తకంలో ‘మహ్మద్’. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. స్కాలర్‌షిప్ దరఖాస్తు అక్కడ ఆగిపోతుంది. 2007 నాటి చట్టం ప్రకారం బి.సి.-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అది షేక్‌లకు వర్తిస్తుంది. సయ్యద్, మొగల్, పఠాన్‌లకు వర్తించదు. దూదేకుల వారు బి.సి.-బి కిందికి వస్తారు. తాము ఎందులోకి వస్తారో తెలియని పిల్లలను ప్రతి తరగతిలోనూ చూస్తున్నాను. కౌన్సెలింగ్ రేపనగా ధ్రువపత్రం కోసం పరుగెత్తే బదులు ఆ పని మొదటి ఏటి ఆగస్టులో చేసుకోవచ్చును. ఎంసెట్ స్థానంలో 2024 నుండి వచ్చిన ఈఏపీసెట్ ప్రశ్నపత్రం ఉర్దూలోనూ లభిస్తుంది. నీట్‌ను 2018 నుండి ఉర్దూలో వ్రాయవచ్చు. ఉర్దూ మాధ్యమంలో చదివినందువల్ల దారులన్నీ మూసుకుపోయాయని బెంగపడే అమ్మాయిలకు ఈ మాట చెప్పేవారే కరువయ్యారు.

ఉప్పల్ నుండి తార్నాక వైపు మెట్రోలో రోజూ ప్రయాణించే మా పిల్లలు ‘ఎన్.జి.ఆర్.ఐ.’ అనే స్టేషను పేరు వింటూనే ఉంటారు. ఆ అక్షరాల అర్థమేమిటని ఒకనాడు తరగతిలో అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. ఆ తరువాతి హబ్సిగూడ దగ్గరనే 1977లో పుట్టిన సి.సి.ఎం.బి., తార్నాకలో 1944 నాటి ఐ.ఐ.సి.టి., ఆపైన ఉస్మానియా. ఒక్క దారిలో ఇన్ని ఉన్న ప్రాంతం దేశంలో ఎన్నిచోట్ల ఉంటుంది? అయినా మనవారికి అవి ప్రహరీ గోడలు మాత్రమే.

సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో ఈ సంస్థలు విద్యార్థులను లోనికి ఆహ్వానించడం పరిపాటి. ఒకసారి మొదటి ఏటి పిల్లలను కొందరిని వెంటబెట్టుకొని వెళ్లాను. ‘సైన్సు గ్రూపు వాళ్లు చాలు గదా సార్, మేమెందుకు’ అని హెచ్.ఇ.సి. కుర్రవాడు గొణిగాడు. అక్కడ శాస్త్రజ్ఞులతో పాటు లెక్కలు చూసేవారు, గ్రంథాలయం నడిపేవారు, యంత్రాలు బాగుచేసేవారు ఉంటారని వానికి అంతవరకు తెలియదు. ఆ సంస్థలలో టెక్నీషియన్ ఉద్యోగానికి పదవ తరగతి, ఐ.టి.ఐ. ఉంటే అర్హత ఉన్నట్లే. జూనియర్ సెక్రటేరియట్ అసిస్టెంటుకు ఇంటర్, టైపింగ్ కావాలి. వాడు తిరుగుదారిలో టైపింగ్ ఎక్కడ నేర్పుతారని అడిగాడు.

ఈ మాటలన్నీ పిల్లలను నిందించడానికి కాదు. చదివినవారున్న ఇంటిలో ఈ సమాచారం భోజనాల వేళ దానంతట అదే దొర్లుతుంది. చదివినవారు లేని ఇంటికి దాన్ని చేర్చవలసింది ఎవరు? అధ్యాపకులమైన మేము సిలబస్ పూర్తి చేశామని సంతకం పెట్టి చేతులు దులుపుకుంటున్నాం. నేనూ అంతే చేశాను, ఒక తండ్రి వచ్చి అడిగేవరకు.

ఆయన నాచారం పారిశ్రామిక వాడలో లేత్ మీద పనిచేస్తారు. కుమార్తె మా దగ్గర సి.ఇ.సి. మొదటి సంవత్సరం. ఫీజు కట్టి వెళుతూ నా ముందు నిలబడ్డారు. “సర్ సాబ్, ఇరవై ఏండ్ల సంది లోహంతోనే పని నాది. బోల్టు చూస్తే అది ఏ మిషన్‌ల పడుతదో చెప్త. నా బిడ్డ సదివే ఈ సి.ఇ.సి. ఎక్కడ పడుతదో మీరు జర చెప్పుండ్రి.”

నా వద్ద సమాధానం లేదు. రెండు రోజుల గడువు అడిగాను. వాణిజ్యశాస్త్రం చెప్పే మిత్రుని పట్టుకొని తెలుసుకున్నాను. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ కోర్సుకు పదవ తరగతి ఉత్తీర్ణులే పేరు నమోదు చేసుకోవచ్చును, పరీక్ష ఇంటర్ పరీక్షల తరువాత వ్రాయాలి. అయిదేళ్ల న్యాయశాస్త్రానికి ఏ గ్రూపువారైనా లాసెట్ వ్రాయవచ్చు. బి.కాం. ఎలాగూ ఉన్నది. ఈ మూడూ ఒక కాగితం మీద ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి గుర్తింపు కార్డు వెనుక పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఉన్నది. ఫౌండేషన్ పుస్తకాలు సీనియర్ల వద్ద సంపాదించింది. మెమోలో పేరు సవరణకు చదివిన పాఠశాల ద్వారా పెట్టుకున్న దరఖాస్తు మాత్రం ఇంకా తేలలేదు. ప్రతి సోమవారం వచ్చి, ‘ఏమైంది సార్’ అని అడిగి వెళుతున్నది.