ఊయల దాకా పుస్తకం

పిల్లలకు అక్షరాలు వచ్చాకే పుస్తకం ఇవ్వాలని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి చదువు అక్షరం కంటే ముందే, మాటతో మొదలవుతుంది. ఒడిలో కూర్చోబెట్టుకుని బొమ్మ చూపి 'ఇదిగో కాకి' అని అమ్మ చెప్పడమే తొలి పాఠం.

1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 300 మంది పసిపిల్లలకు ఉచితంగా పుస్తకాలిచ్చి 'బుక్‌స్టార్ట్' కార్యక్రమం ప్రారంభమైంది. తరువాత జపాన్‌ కూడా ఆ బాట పట్టింది.

ఇది మనకు కొత్త ఆలోచనేమీ కాదు. అయ్యంకి వెంకట రమణయ్య వంటి పెద్దలు నడిపిన ఆంధ్ర గ్రంథాలయోద్యమం, పుస్తకమే పాఠకుని వెతుక్కుంటూ వెళ్లాలని చాటింది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద గ్రంథాలయం పడవలో సాగింది. రేవు దాకా వెళ్లిన పుస్తకం ఊయల దాకా వెళ్లలేదా?

బదిలీలపై రాష్ట్రాలు దాటే మన కుటుంబాల్లో పసివాళ్లకు మాతృభాష వినబడేది ఇంట్లోనే. అందుకే విద్యాలయ గ్రంథాలయంలో ఒక అరను వివిధ భాషల బొమ్మల పుస్తకాలకు కేటాయిద్దాం. మన విద్యార్థులు వాటిని ఇంటికి తీసుకెళ్లి చెల్లికో తమ్ముడికో చదివి వినిపించాలి. పుస్తకం చింపేస్తారని వెనుకాడవద్దు. చిరిగిన పుటను అతికించుకోగలం, గడిచిన పసితనాన్ని వెనక్కి తేలేం.