ఒకే ఇంటికప్పు కింద విరోధులు

ఇంగ్లీషు ప్రణయ నవలలలో ఒక తెగ ఈ మధ్యకాలంలో విశేష ప్రచారం పొందింది. నాయికానాయకులు ఒకే ఇంటిని పంచుకుంటారు. మొదటి పుటలో ఒకరి ముఖం ఒకరికి గిట్టదు. చివరి పుటకు ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. ఫలితం పాఠకునికి ముందే తెలుసు. అయినా చదువుతాడు. హరికథకు వెళ్ళేవానికి రుక్మిణి ఎవరిని వరిస్తుందో తెలియకనా! కథ తెలిసివుండటం దోషం కాదు. విరోధం ఎందుకు పుట్టింది, ఏ విధంగా కరిగింది అన్నచోటనే రచయిత సామర్థ్యం తేలుతుంది.

ఇటలీలో జన్మించి, నాడీశాస్త్రంలో పరిశోధన చేసి, ఆలీ హేజిల్‌వుడ్ అనే కలంపేరుతో రాస్తున్న రచయిత్రి 2022లో ప్రకటించిన ‘అండర్ వన్ రూఫ్’ ఈ తెగకు మంచి ఉదాహరణ. నిడివినిబట్టి నవలిక అనడమే సబబు. మారా అనే యువతి పర్యావరణ ఇంజనీరు. ఆమెకు గురుస్థానంలో ఉన్న హెలెనా మరణిస్తూ, వాషింగ్టన్ నగరంలోని తన ఇంట్లో సగభాగం శిష్యురాలికి రాసిపెట్టింది. తక్కిన సగం మేనల్లుడు లియమ్‌ది. అతడు అప్పటికే ఆ ఇంట్లో స్థిరపడి ఉన్నాడు. వృత్తిరీత్యా ఒక పెద్ద చమురు కంపెనీ న్యాయవాది. గాలిని, నీటిని కాపాడడం ఆమె ఉద్యోగం. వాటిని చెరిచేవారి పక్షాన నిలవడం, ఆమె దృష్టిలో, అతని ఉద్యోగం. ఇంతకంటె గట్టి విరోధబీజం ఏ రచయితకు దొరుకుతుంది?

జేన్ ఆస్టిన్ 1813లో ప్రకటించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్, జబ్బుపడిన అక్కను చూడడానికి మూడు మైళ్ళు బురదలో నడిచివెళ్ళి, డార్సీ అతిథిగా ఉన్న నెదర్‌ఫీల్డులో కొద్దిరోజులు నిలిచిపోతుంది. ఆ కొద్దిరోజుల సామీప్యమే డార్సీ మనశ్శాంతిని భగ్నం చేస్తుంది. ఆనాటి సమాజం అంతకుమించి అవకాశం ఇవ్వదు. ఆ మాత్రానికే ఒక జ్వరం కావలసి వచ్చింది. ఈనాటి రచయిత్రికి వీలునామా చాలు. నెలల తరబడి ఇద్దరినీ ఒకే వంటింట్లో నిలబెట్టవచ్చు.

ఈ తెగ నవలల బలమంతా ఆ వంటింట్లోనే ఉంది. విందులో, ఉద్యానవనంలో ఎదురుపడిన మనిషి తన గుణాన్ని నటించగలడు. పొద్దున్నే నిద్రముఖంతో, చెదిరిన జుట్టుతో, తోమని గిన్నెల ముందు ఎవడూ నటించలేడు. మారా, లియమ్‌ల కలహం గదిలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మీద జరుగుతుంది. ఒకరి తిండి మరొకరు తినడం మీద జరుగుతుంది. ఇవి అల్పవిషయాలని ఈసడించేవారు ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారు కారేమో! ద్వేషం చిన్నచిన్న సంగతులలో కూడబెట్టుకున్నట్లే, అది తరిగిపోవడం కూడా చిన్నచిన్న సంగతులలోనే జరుగుతుందని రచయిత్రి చక్కగా గ్రహించింది. కథంతా మారా నోటనే నడవడంవల్ల, ఆమె కోపంలోని అతిశయోక్తి మంచి హాస్యాన్ని కూడా ఇచ్చింది. శృంగార వర్ణనలో రచయిత్రికి సంకోచం లేదు. ఆ పుటలపై ఆగ్రహించే పెద్దలు మన ప్రబంధాలను ఏంచేయాలో ముందు తేల్చుకోవడం మంచిది.

అయితే అసలు లోపం కూడా అక్కడే ఉంది. చమురుకూ పర్యావరణానికీ మధ్యనున్న వైరం థర్మోస్టాట్ తగాదాలో కరిగిపోయింది. రచయిత్రి ఆ ప్రశ్నను బొత్తిగా మరిచిందనడం అన్యాయం. కాని దానికి దక్కిన చోటు స్వల్పం. లియమ్ దయగలవాడని, ఒంటరివాడని మారా తెలుసుకోవడం సంతోషమే. దయగలవాడు చేసే పని తప్పు కాకుండా పోతుందా? నిజమైన అభిప్రాయభేదాన్ని అపార్థంగా మార్చి, అపార్థాన్ని తొలగించి, పెళ్ళిబాజాలు మోగించడం ఈ తెగ రచయితలకు అలవాటైన ఉపాయం.

ఈ ఉపాయం తెలుగువారికి కొత్తది కాదు. 1955 నాటి ‘మిస్సమ్మ’ చిత్రంలోనూ ఉద్యోగంకోసం భార్యాభర్తలమని చెప్పుకున్న ఇద్దరు ఒకే ఇంట చేరి, చిటపటలాడి, చివరకు ప్రేమిస్తారు. ఇద్దరి మతాలు వేరు. ఆ చిక్కును వారు తమంతట తాము విప్పుకోనవసరం లేకుండా, మేరీ జమీందారుగారి తప్పిపోయిన కూతురేనని కథ తేల్చివేసింది. ఆ హాస్యానికి మురిసి ప్రేక్షకుడు క్షమిస్తాడు. చిక్కు మాత్రం అలాగే మిగిలింది.

బెత్ ఓలియరీ 2019లో రాసిన ‘ది ఫ్లాట్‌షేర్’ ఈ విషయంలో ఎక్కువ నిజాయతీ చూపింది. లండనులో అద్దెలు భరించలేక టిఫీ, రాత్రిపూట రోగులకు పరిచర్యచేసే లియాన్ ఒకే పడకను వంతులవారీగా వాడుకుంటారు. చాలాకాలం ముఖాలు చూసుకోకుండానే చీటీలు రాసుకుంటారు. వారి మధ్య కృత్రిమ ద్వేషం లేదు. అడ్డంకులన్నీ బయటినుంచి వచ్చినవి: ఆమెను వేధించిన పాత ప్రియుడు, అతని తమ్ముని జైలుశిక్ష. వాటిని రచయిత్రి దాటవేయలేదు.

హేజిల్‌వుడ్‌కు నేర్పు తక్కువేమీ కాదు. నవలిక గనుక నిడివి చాలలేదని సమర్థించవచ్చు. కాని ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర ఆ ఇద్దరూ చమురు గురించే తెల్లవారేదాకా వాదించుకుని, ఎవరూ ఓడిపోకుండా లేచిన అధ్యాయం ఒకటి ఉండివుంటే, ఆ తరువాత వచ్చే ముద్దుకు విలువ హెచ్చేది.