పాత టేకు కొలతలో పేచీ

కూల్చిన మండువా ఇళ్ల దూలాలు, వాసాలు కలప అడితీలకు వస్తూనే ఉన్నవి. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించాక పాత బర్మా టేకు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి ఆరిన కర్ర గనుక వంకరపోవడం తక్కువ. రంపం, చిత్రిక, ఉలితో ఇంట్లోనే బల్లలు చేసుకునే చిల్లర కొనుగోలుదారుకు తగిన సరుకే. పేచీ అంతా కొలతలోనే. 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 6 అడుగుల పొడవు గల వాసం అర ఘనపుటడుగు. చివర ఒక అడుగు పుచ్చితే ఆరో వంతు సొమ్ము పొయ్యిలోకే. కుసి బెజ్జాలకు కూడా ధర కట్టడం సబబు కాదు. లోపల విరిగిన మేకు ఒక్కటున్నా రంపం పళ్లు పోతాయి. మేకులు పీకి, పుచ్చు కోసి అమ్మితే రేటు కాస్త హెచ్చయినా బేరం తెగుతుంది. మేస్త్రీ ఎటూ తరుగు రాబట్టుకుంటాడు. అడగడం తెలియనిది ఈ కొత్తవారికే.